చెరువులో బాతులన్నీ ఒకేలా కనిపిస్తున్నాయా? గట్టు మీంచి గుర్తుపట్టే పద్ధతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విజయనగరం దగ్గర మీ అత్తగారి ఊరి చెరువులో కార్తీకం నుంచి బాతులు దిగుతున్నాయి, రెండు వందల దాకా ఉంటాయి. ఫోన్‌తో ఫోటో తీస్తే నల్ల చుక్కలు తప్ప ఏమీ రావడం లేదు. నెట్‌లో చూస్తే నలభై రకాల బొమ్మలున్నాయి, మీ కంటికేమో అన్నీ ఒకటే గోధుమరంగు. మీ బావగారు మాత్రం ఆకుపచ్చ తల ఉన్న ఒకదాన్ని చూపించి అది మల్లార్డ్ అని తేల్చేశారు. ఇంకొకటి ముక్కు చివర పసుపుగా, తోక దగ్గర తెల్లగా ఉందన్నారు. కంటితో చూసి ఏది ఏదో ఎలా చెప్పాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. రంగు సంగతి చివరికి పెట్టుకోండి. మొదట ఎంత పెద్దదో చూడండి, తర్వాత నీటి మీద ఎలా కూర్చుందో, తర్వాత ముక్కు, తోకల ఆకారం, ఆఖరున ఏదో ఒక్క గుర్తు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊర చెరువుల్లో మామూలుగా తగిలే బాతులు నలభై రకాలేం కాదు. ఏడాది పొడుగునా ఉండేవి మూడు, చలికాలం వచ్చేవి ఆరు. ఈ తొమ్మిదీ పట్టుబడితే మిగతావి వాటంతట అవే తేడాగా కనిపిస్తాయి. పసుపు ముక్కు బాతు మన ఊరి కాపురస్తురాలే, దాని పేరు కిందకొచ్చాక చెప్తాను. బావగారి మల్లార్డ్ మాత్రం దాదాపు ఖాయంగా మల్లార్డ్ కాదు.

నేను పక్షిశాస్త్రం చదివినవాణ్ని కాదు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. గట్లు, మదుములు, అలుగులు చూసుకుంటూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిరిగే ఉద్యోగం. కాబట్టి బాతులు వద్దన్నా కళ్లబడేవి. మొదటి పదేళ్లూ నాకూ అవన్నీ 'బాతులే'. తర్వాత ఒక బైనాక్యులర్ చేతికొచ్చింది, పిచ్చి పట్టింది. ఇప్పుడు ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల లెక్కింపులో ఒకటి రెండు చెరువులు నేనే చూస్తుంటాను. కింద రాసేదంతా గట్టు మీద నిలబడి నేర్చుకున్నదే.

ముందు బాతులు కానివాటిని తీసేయండి

దూరం నుంచి సగం మందిని బోల్తా కొట్టించేది బొల్లికోడి. ఇంగ్లీషు వాళ్లు కూట్ అంటారు. ఒళ్లంతా బొగ్గులా నలుపు, ముక్కు, నుదురు సున్నం పూసినట్టు తెలుపు. ఈదుతుంటే తల ముందుకీ వెనక్కీ ఊపుతుంది. బాతుకుండే బల్లపరుపు ముక్కు దీనికి ఉండదు, కోడిముక్కే. ఒకసారి ఒక కుర్రాడు 'అయిదొందల నల్లబాతులు సార్' అని ఫోన్ చేస్తే స్కూటర్ మీద పాతిక కిలోమీటర్లు వెళ్లాను. అన్నీ ఇవే. వాణ్ని ఏమీ అనలేకపోయాను, నేనూ అలా లెక్కపెట్టిన రోజులున్నాయి మరి.

రెండోది మునుగుడు కోడి. పిడికెడంత ఉంటుంది, తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. మీరు చూస్తుండగానే మునిగి ఇంకెక్కడో తేలుతుంది. మూడోది నీటికాకి. ఒళ్లు నీళ్లలో మునిగి మెడ మాత్రం కర్రలా పైకుంటుంది, ముక్కు చివర కొక్కెంలా వంగి ఉంటుంది. ఇక పేరులో బాతు ఉన్నా బాతు కానిది గూడబాతు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్‌లు అవే. ముక్కు కింద సంచి కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు.

ఇంకో చిక్కు పెంపుడు బాతులు. వరి కోతలయ్యాక మందలు తోలుకొచ్చేవాళ్లు మన చెరువుల దగ్గరా మకాం వేస్తుంటారు. పెంపుడు బాతు వెనక భాగం బరువుగా వేలాడుతుంది, ఒడ్డున నిటారుగా, ఊగుతూ నడుస్తుంది, మనిషి దగ్గరికొస్తే అరుస్తుందే గానీ ఎగరదు. అడవి బాతు మీరు గట్టెక్కగానే మెడ చాచి చూస్తుంది, ఇంకో పది అడుగులు వేస్తే గాల్లో ఉంటుంది.

ఎక్కడ నిలబడాలన్నదే సగం పని

మీకు అన్నీ గోధుమరంగులో కనిపించడానికి కారణం బాతులు కాకపోవచ్చు, సూర్యుడు కావచ్చు. వెలుతురు ఎదురుగా ఉంటే నెమలైనా నల్లగానే కనిపిస్తుంది. పొద్దున్న తూర్పు గట్టు మీద నిలబడి పడమటికి చూడండి, సాయంత్రం పడమటి గట్టు మీద నిలబడి తూర్పుకి చూడండి. వీపు మీద ఎండ పడుతుంటే సరైన చోట ఉన్నట్టు. పొద్దెక్కాక నీళ్ల మీద సెగలు ఆడతాయి, అప్పుడు ఎంత మంచి బైనాక్యులర్ అయినా బొమ్మ వణుకుతుంది. జనవరి మంచు విడిచాక ఒక గంటన్నర సేపు ఉంటుంది చూడండి, ఆ టైమే బంగారం.

బైనాక్యులర్ కొనేటట్టయితే 8×40 గానీ 8×42 గానీ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి) తీసుకోండి. ఇరవై రెట్లు, యాభై రెట్లు అని రోడ్డు పక్క అమ్మేవాటి జోలికి వెళ్లకండి, చెయ్యి వణికితే చెరువంతా వణుకుతుంది. ఇంకో చిన్న కిటుకు: నీళ్ల మీది బాతులు ఎక్కువగా గాలికి ఎదురుగా ముఖం పెట్టుకుని ఉంటాయి. గాలి ఎటు వీస్తుందో చూసి, పక్క నుంచి కనిపించేలా నిలబడితే ముక్కూ తోకా రెండూ దొరుకుతాయి.

మన ఊరి కాపురస్తులు మూడు

వీటితోనే మొదలుపెట్టండి. మే నెలలో చెరువు సగం ఎండినప్పుడు కూడా ఉండేవి ఇవే కాబట్టి తీరిగ్గా నేర్చుకోవచ్చు. వీటిని కొలబద్దగా పెట్టుకుంటే చలికాలం వచ్చేవాటి సైజు తేలిక.

మొదటిది చుక్కమూతి బాతు, స్పాట్‌బిల్ అంటారు. మీరు చెప్పిన పసుపు ముక్కుది ఇదే. పెద్ద బాతు, పెంపుడు బాతంత ఉంటుంది. నల్లటి ముక్కుకి చివర మాత్రం పసుపులో ముంచి తీసినట్టుంటుంది. ముక్కు మొదట్లో, కళ్ల వైపు, రెండు ఎర్రటి చుక్కలుంటాయి. అవి దగ్గరికొస్తే గానీ కనిపించవు, పిల్లలకు అసలుండవు. కాబట్టి చుక్కల కోసం వెతకొద్దు, పసుపు చివర చాలు. ఒళ్లంతా చేప పొలుసుల్లా అంచులు కట్టిన ఈకలు. మీరు 'తోక దగ్గర తెలుపు' అన్నారు చూశారా, అది నిజానికి తోక కాదు, ముడుచుకున్న రెక్కల్లో ఒళ్లు దగ్గరి ఈకలు తెల్లగా ఉంటాయి. చెరువు అవతలి గట్టు నుంచి కూడా ఆ తెల్ల మచ్చ కనిపిస్తుంది. ఆడా మగా ఒకేలా ఉంటాయి.

రెండోది ఈలబాతు. మన చెరువుల్లో గుంపులు గుంపులుగా ఉండేది ఎక్కువగా ఇదే. చుక్కమూతి కంటే బాగా చిన్నది, ఎర్రమట్టి రంగు, సన్నటి పొడుగాటి మెడ, కాళ్లు పొడుగు. గట్టు మీద నిలబడితే బాతులా కాదు, చిన్న కొంగలా నిటారుగా ఉంటుంది. తాటిచెట్టు మీదో, ఎండిన మోడు మీదో బాతు కూర్చుని ఉందంటే ముందు దీన్నే అనుకోండి. చెట్టు తొర్రల్లో గూడు పెట్టే జాతి ఇది. పగలంతా కునుకు తీసి చీకటి పడ్డాక మేతకి బయల్దేరుతుంది. రాత్రి డాబా మీద పడుకుంటే ఊరి మీదుగా రెండు అక్షరాల ఈల వినిపిస్తుందే, సీ-సిక్, సీ-సిక్ అని, అది దీనిదే. ఎగిరేటప్పుడు వీపు గూనిగా, మెడ కిందికి వంగి, కాళ్లు వెనక వేలాడుతూ ఉంటాయి. రెక్కలు గుండ్రంగా ఉండి నింపాదిగా ఆడిస్తుంది. చలికాలం వచ్చే పిన్‌టెయిల్ లాంటి బాతులు బాణంలా పోతుంటే ఇది సైకిల్ తొక్కుతున్నట్టు పోతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ముద్దు. కాటన్ టీల్ అని పాత పేరు, ఇప్పుడు కాటన్ పిగ్మీ గూస్ అంటున్నారు. శాస్త్రీయ నామంలో కోరమాండెలియానస్ అని ఉంటుంది. మన కోరమాండల్ తీరం పేరేనండీ అది. మన దేశంలో బాతుల్లోకెల్లా చిన్నది, దాదాపు పావురమంతే ఉంటుంది. మగది తెల్లగా, వీపు మీద సీసా పచ్చ నిగనిగ, మెడలో నల్ల పట్టీ. ఆడది మాసిన తెలుపు, కంటి మీదుగా నల్ల గీత, కాటుక బయటికి గీసినట్టు. ముక్కు బాతులా బల్లపరుపుగా కాకుండా పొట్టిగా, హంస పిల్ల ముక్కులా ఉంటుంది. ఇది నడి చెరువులో ఉండదు. తామరాకులు, కలువలు, తుంగ ఉన్న మూలల్లో ఉంటుంది. నేను మొదట చూసింది ఒక గుడి కోనేట్లో, తామరాకుల మధ్య. పక్కనే బట్టలుతుకుతున్న ఆవిడని 'ఇవెప్పుడొచ్చాయమ్మా' అని అడిగితే 'ఎప్పుడూ ఉండేవే బాబూ, మీరు ఇప్పుడు చూశారు' అంది. గుర్రపు డెక్క నిండిన చెరువుల్లో మాత్రం దీన్ని నేను పెద్దగా చూడలేదు.

నాలుగోదొకటి ఉంది, నూక్తా అంటారు, కోంబ్ డక్. మగదాని ముక్కు మీద నల్లటి కండ గడ్డలా లేస్తుంది, తెల్లటి తలంతా నల్ల చుక్కలు. దాన్ని చూస్తే ఎవరూ పొరబడరు. కాకపోతే మన వైపు తరచుగా కనిపించేది కాదు.

మునిగేవీ, మునగనివీ

చలికాలపు బాతుల దగ్గరికొచ్చేముందు ఒక్క మాట. ఇది నాకు చేపల చెరువు కాపలా తాత చెప్పిన పాఠం. ఆయనకి ఒక్క బాతు పేరూ తెలియదు. 'ఇవి రెండు కులాలు బాబూ, ఒకటి నిలబడ్డ చోటు నుంచి లేస్తాది, ఇంకోటి పరిగెట్టి లేస్తాది' అన్నాడు. పక్షుల వాళ్లు చేసే విభజన అక్షరాలా ఇదే.

నీళ్ల పైపైనే మేసే బాతులు తోక పైకెత్తి, తేలిగ్గా తేలుతుంటాయి. తల ముంచి తోక ఆకాశానికెత్తి నిలబడి మేస్తాయి తప్ప మామూలుగా ములగవు. భయపడితే నీళ్ల మీంచి నిటారుగా లేస్తాయి. మునిగి మేసే బాతులు నీళ్లలోకి కుంగి ఉంటాయి, తోక నీటిని ఆనుకుని ఉంటుంది, కాళ్లు ఒంటికి బాగా వెనకుంటాయి కాబట్టి లేవాలంటే నీళ్ల మీద నాలుగడుగులు పరిగెత్తాలి. మీ ఊరి చెరువు లోతు తక్కువైతే దాదాపు అన్నీ మొదటి రకమే అయి ఉంటాయి. రెండో రకం తాటిపూడి, తోటపల్లి రిజర్వాయర్ల లాంటి లోతు నీళ్లున్న చోట వెతకాలి.

చలికాలపు అతిథులు

పిన్‌టెయిల్. నేను సూదితోక అంటాను. ఆకారం చూస్తే చాలు. సన్నటి పొడుగు మెడ, సన్నటి ఒళ్లు, మగదాని తోక సూదిలా వెనక్కి సాగి ఉంటుంది. మగదాని తల చాక్లెట్ రంగు, మెడ ముందు భాగం తెలుపు, ఆ తెలుపు తల పక్కగా సన్నటి నామంలా పైకి పాకుతుంది. దూరం నుంచి మొదట కనిపించేది ఆ తెల్ల రొమ్మే. ఆడదానికి ఈ సొగసులేవీ లేవు, కానీ మెడ అదే, ముక్కు బూడిద రంగు, ముఖం మీద గీతలేమీ లేకుండా శుభ్రంగా ఉంటుంది. గోధుమరంగు ఆడబాతుల్లో 'ఇది అందంగా ఉందే' అనిపిస్తే అది పిన్‌టెయిల్ ఆడదే. శాస్త్రం కాదు గానీ నాకు పనిచేసింది.

షవెలర్. ముక్కే గుర్తు. తలకంటే పొడుగ్గా, చివర పారలా వెడల్పుగా ఉంటుంది. ముందు భాగం బరువుకి ఒరిగిపోయినట్టు ఈదుతుంది. ముక్కు అంచున దువ్వెన పళ్లలాంటివి ఉంటాయి, వాటితో నీళ్లు వడకట్టి పురుగుల్ని, గింజల్ని తింటుంది. అందుకే తల ఎత్తకుండా ముక్కు నీళ్లకి ఆనించి ఈదుతూనే ఉంటుంది. ఒక్కోసారి పది పదిహేను కలిసి ఒకదాని వెనకొకటి గుండ్రంగా తిరుగుతాయి, గానుగ తిరిగినట్టు. అలా తిరిగే గుంపు కనిపిస్తే ముక్కు కనిపించకపోయినా షవెలర్ అని రాసేసుకోవచ్చు.

బావగారి మల్లార్డ్ సంగతి ఇక్కడే. మగ షవెలర్ తల ముదురు ఆకుపచ్చ. మల్లార్డ్ తలా పచ్చే. నెట్‌లో బాతు అని కొడితే వచ్చే మొదటి బొమ్మ మల్లార్డ్ కాబట్టి పచ్చతల కనిపించగానే అందరూ అదే అంటారు. నేనూ అన్నాను. నా మొదటి లెక్కింపులో 'మల్లార్డ్ – 6' అని రాసి షీటు ఇచ్చాను. మా టీమ్ పెద్దాయన చదివి, నవ్వకుండా, 'ముక్కు చూశారా?' అని అడిగారు. చూడలేదు, అవి ముక్కు వీపులో దోపుకుని నిద్రపోతున్నాయి. ఇద్దరం గట్టు మీద ముప్పావు గంట కూర్చున్నాం. ఒకటి నిద్ర లేచి ముక్కు బయటికి తీసింది. పార! రొమ్ము చూడండి: తెలుపైతే షవెలర్, గోధుమ రంగైతే మల్లార్డ్. షవెలర్‌కి తెల్ల రొమ్ము పక్కనే డొక్కలు ఎర్ర ఇటుక రంగులో ఉంటాయి. నిజమైన అడవి మల్లార్డ్ దక్షిణాదికి రావడం చాలా అరుదు. పచ్చతల, గోధుమ రొమ్ము, మెడకి తెల్ల పట్టీ, తోక మీద ఒకటి రెండు ఈకలు పైకి చుట్టుకుని ఉన్నాయంటే అది మందలోంచి తప్పిపోయిన పెంపుడుది కాదు కదా అని ముందు అనుమానించండి. పెంపుడు బాతుల్లో చాలా భాగం మల్లార్డ్ వంశమే, పోలిక ఎక్కడికి పోతుంది!

గార్గనీ, కామన్ టీల్. ఈ రెంటినీ కలిపి చెప్పాలి, ఎందుకంటే అందరూ తడబడేది ఇక్కడే. రెండూ చిన్నవి, దాదాపు ఈలబాతంత లేదా అంతకంటే చిన్నవి. మగవైతే ఏ ఇబ్బందీ లేదు. మగ గార్గనీకి గోధుమరంగు తల మీద కంటి పైనుంచి మెడ దాకా తెల్లటి కనుబొమ్మ, కొడవలిలా. మగ టీల్‌కి ఎర్ర ఇటుక రంగు తల, కంటి చుట్టూ ఆకుపచ్చ పట్టీ, వెనక తోక కింద లేత పసుపు ముక్క. దూరం నుంచి ఆ పసుపు ముక్కే పట్టిస్తుంది.

ఆడవాటి దగ్గర ముఖం చూడాలి. ఆడ గార్గనీ ముఖం గీతల కాగితం: కంటి మీద లేత గీత, కంటి మీదుగా నల్ల గీత, దాని కింద ఇంకో లేత గీత, బుగ్గ మీద ఇంకో మసక గీత, ముక్కు మొదట్లో తెల్లటి మచ్చ. ఆడ టీల్ ముఖం అంత గీతలుండవు, సాదాగా ఉంటుంది, ముక్కు చిన్నది, తోక పక్కన సన్నటి లేత గీత ఉంటుంది. ఎగిరినప్పుడు రెక్క చూస్తే ఇంకా తేలిక. టీల్ రెక్కలో అద్దంలా మెరిసే ఆకుపచ్చ మచ్చ, దాని ముందు వెడల్పాటి తెల్ల గీత. మగ గార్గనీ రెక్క ముందు సగం లేత నీలి బూడిద రంగు. షవెలర్‌కి కూడా రెక్క ముందు నీలమే, కానీ ఆ ముక్కు ఎక్కడికీ పోదు కదా.

గాడ్‌వాల్. అన్నిటికన్నా అన్యాయంగా మర్చిపోయే బాతు ఇది. మగది బూడిద రంగు, ఆకర్షణేమీ లేదు, కానీ వెనక భాగం తారు పూసినట్టు నలుపు. బూడిద బాతు, నల్ల పిర్ర: అంతే. రెక్కలో చిన్న తెల్ల గడి ఉంటుంది, ఈదేటప్పుడు కూడా ఒక్కోసారి డొక్క మీద తెల్ల చుక్కలా కనిపిస్తుంది. ఆడదానికీ ఆ గడి ఉంటుంది, పైగా ముక్కు పక్కల నారింజ రంగు గీత. బొల్లికోళ్లు మునిగి నాచు పైకి తెస్తుంటే వాటి నోటి దగ్గర లాక్కుని తినే అలవాటుంది దీనికి. బొల్లికోడి పక్కనే ఒక బూడిద బాతు పనీపాటా లేనట్టు తిరుగుతుంటే కాసేపు చూడండి.

విజియన్. గుండ్రటి తల, పొట్టి ముక్కు. ముక్కు నీలిబూడిద రంగు, చివర నలుపు. మగదాని తల ఎర్రగా, నుదుటి మీద మాత్రం మీగడ రంగు బొట్టు వెడల్పుగా పెట్టినట్టుంటుంది. ఎగిరితే మగదాని రెక్క మీద పెద్ద తెల్ల పలక మెరుస్తుంది. ఇది నీళ్లలోనే కాదు, ఒడ్డున గడ్డి కూడా గొర్రెలా మేస్తుంది. అరుపు ఈలలా, వీ-ఊ అని సాగుతుంది. పేరులో ఈల లేదు గానీ దీనిదీ ఈలే, ఈలబాతుతో కలపకండి.

మునిగేవాటి గురించి ఎక్కువ రాయను. ఎర్రతల, నల్ల రొమ్ము, బూడిద ఒళ్లు అయితే పోచార్డ్. నారింజ రంగు బుర్ర తల, ఎర్ర ముక్కు అయితే రెడ్ క్రెస్టెడ్ పోచార్డ్. నల్ల ఒళ్లు, తెల్ల డొక్క, తల వెనక పిలక వేలాడుతుంటే టఫ్టెడ్ డక్, పంతులు గారి పిలకలాగే ఉంటుంది.

జక్కవ గురించి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మన కావ్యాల్లో రాత్రైతే విడిపోయి ఒకదాని కోసం ఒకటి ఏడ్చే చక్రవాకాల జంట ఇదే, రడ్డీ షెల్డక్. ఒళ్లంతా నారింజ, తల లేత రంగు, హంసంత ఠీవి. చెరువు కంటే ఇసుక దిబ్బలంటే ఇష్టం. నాగావళి ఇసుక తిన్నెల మీద ఒక జనవరిలో ఓ జంటను పొద్దుగూకే దాకా చూశాను. విడిపోలేదు, పక్కపక్కనే తల దోపుకుని పడుకున్నాయి.

అన్నీ ఆడవేనా? కావు

ఇది తెలియక నేను రెండేళ్లు తప్పు లెక్కలు రాశాను. అక్టోబరులో గార్గనీలు దిగితే గుంపంతా గోధుమరంగు, ఒక్కదానికీ తెల్ల కనుబొమ్మ లేదు. 'ఆడవాళ్లు ముందొస్తారు కాబోలు' అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. అసలు సంగతి వేరు. మగబాతులు గుడ్ల కాలం అయ్యాక మెరిసే ఈకలు రాల్చేసి ఆడదానిలాంటి మాసిన ఈకలు తొడుక్కుంటాయి. ఆ సమయంలో రెక్క ఈకలు కూడా ఒకేసారి రాలి కొన్ని వారాలు ఎగరలేవు, కాబట్టి కంటబడకుండా ఉండటమే మంచిది. ఆ బట్టల్లోనే మన దగ్గరికొస్తాయి. పిన్‌టెయిల్, టీల్ లాంటివి డిసెంబరుకల్లా చాలావరకు కొత్త ఈకలు వేసుకుంటాయి. గార్గనీ మగది ఇంకా ఆలస్యం, జనవరి, ఫిబ్రవరి దాకా ఆగుతుంది.

అందుకే మీకు కార్తీకంలో అన్నీ గోధుమరంగులో కనిపించడంలో మీ తప్పేం లేదు. ఈకలు మారినా రెక్క మీది మచ్చ దాదాపు అదే ఉంటుంది, ముక్కు ఆకారం అసలు మారదు. అక్టోబరు, నవంబరుల్లో ఈ రెంటినే నమ్ముకోండి. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి నేనైతే సంక్రాంతి వారం వెళ్లమంటాను. మగవి ముస్తాబై ఉంటాయి, మీకూ సెలవులుంటాయి.

ఆడవాటిని గుర్తుపట్టడానికి సులువైన దారి పక్కనున్న మగదాన్ని చూడటం. జంటగా ఈదుతున్నవి ఎక్కువగా ఒకే రకం. కానీ నిద్రపోయే గుంపుల్లో ఇది పనిచేయదు, అక్కడ నాలుగు జాతులు కలిసి పడుకుంటాయి. అలాంటప్పుడు తెలియని ఆడబాతుని 'పేరు తెలియనిది' అని రాసుకోండి. నా లెక్కల్లో ఇప్పటికీ ప్రతి ఏడాదీ ఆ గడి ఖాళీగా ఉండదు.

ఎప్పుడు ఏది

నెల తెలిస్తే సగం పేర్లు కొట్టేయొచ్చు. ఆగస్టు చివర, సెప్టెంబరులో చెరువులోకి కొత్త చిన్న బాతులు వచ్చాయంటే మొదట గార్గనీని అనుకోండి, అందరికంటే ముందొచ్చేది అదే, ఏప్రిల్లో కూడా మిగిలి కనిపించేదీ అదే. మిగతావి అక్టోబరు, నవంబరుల్లో దిగి మార్చికల్లా చాలావరకు వెళ్లిపోతాయి. మేలో, జూన్‌లో బాతు కనిపిస్తే ముందు పైన చెప్పిన కాపురస్తుల్లో ఒకటనుకోండి.

మన జిల్లాలకి ఇంకో అదృష్టం ఉంది. ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా వెళ్తే ఒడిశాలో రంభ దగ్గర చిలికా సరస్సు తగులుతుంది. అందులోని నలబణ దీవి చుట్టూ చలికాలంలో పిన్‌టెయిల్, గాడ్‌వాల్, విజియన్, షవెలర్‌లు వేలల్లో దిగుతాయి. ఒక రోజు పడవ మాట్లాడుకుని తిరిగొస్తే మీ చెరువులో పది వారాలు నేర్చుకునేది అక్కడ ఒక్క పూటలో కంటికి ఎక్కుతుంది. అంత దూరం వద్దనుకుంటే నౌపడ ఉప్పు మళ్ల వైపు పొద్దున్నే వెళ్లండి. బాతులతో పాటు ఒడ్డు బురదలో తిరిగే ఉల్లంకి పిట్టలూ దొరుకుతాయి, కాకపోతే ఆ ఉల్లంకుల తలనొప్పి వేరే పోస్టు.

ఫోన్, యాప్

ఫోటో కంటే వీడియో తీయండి. గుంపు లేచేటప్పుడు స్లో మోషన్‌లో తీసి ఇంటికెళ్లి ఆపి ఆపి చూస్తే రెక్క మచ్చ ఏదో ఒక ఫ్రేములో దొరుకుతుంది. ఫోన్ కెమెరాని బైనాక్యులర్ కంటికి ఆనించి కూడా తీయొచ్చు, రెండు రోజులు చెయ్యి అలవాటైతే పేరు చెప్పేంత ఫోటో వస్తుంది. పక్షుల పేర్లు చెప్పే మెర్లిన్ యాప్ మంచిదే, కానీ చుక్కలాంటి ఫోటో ఇస్తే అది కూడా ఊహే చెప్తుంది. అది చెప్పిన పేరుకి ముక్కు, తోక, నెల మూడూ సరిపోయాయా అని మీరు చూసుకోవాలి.

వీడియో కోసం బాతుల్ని లేపకండి, రాళ్లు వేయకండి. గద్ద తిరిగితే, పడవ కదిలితే అవే లేస్తాయి, కాసేపు ఓపిక పట్టండి. వాటిని వేటాడటం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం కూడా. మీ ఊళ్లో ఎవరైనా వలలు వేస్తుంటే అటవీ శాఖకి చెప్పండి.

ఇక మీ చెరువు విషయానికి. మీరు రాసినదాన్ని బట్టి పసుపు ముక్కువి చుక్కమూతులు. రాత్రి ఊరి మీద ఈల వినిపిస్తోందా అన్నది మీ అత్తగారిని అడగండి, వినిపిస్తే మీ రెండు వందల్లో సగం ఈలబాతులే అయ్యుండొచ్చు. బావగారి పచ్చతలది రొమ్ము తెలుపా, గోధుమా అన్నది ఈ ఆదివారం పొద్దున్న తూర్పు గట్టు మీంచి చూసి ఇక్కడే రాయండి. నిద్రపోతుంటే లేచేదాకా కూర్చోండి, నాకు ముప్పావు గంట పట్టింది.